జీడిమెట్ల ఓటీ (ఓవర్‌టైమ్) కేసు: 52 రూపాయలు 157.50 ఎలా అయ్యాయి

2023 జూన్ మొదట్లో హైదరాబాద్‌లోని పారిశ్రామికవాడ జీడిమెట్ల నుంచి ఫోన్ వచ్చింది. నీళ్ల సీసాలకి, కూల్‌డ్రింక్ సీసాలకి మూతలు పోసే ప్లాస్టిక్ మౌల్డింగ్ ఫ్యాక్టరీ అది. ఫోన్ చేసింది అకౌంటెంట్. "సార్, ఒక ఆపరేటర్ లెటర్ ఇచ్చిండు. ఓటీ గురించి. లేబర్ ఆఫీసుకైతే ఇంకా పోలె. మీరొక్కసారి వచ్చి చూస్తే మంచిగుంటది."

నేను ఇరవై ఏళ్లకు పైగా మేనేజ్‌మెంట్ల తరఫున లేబర్ చట్టాల పని చూస్తున్నాను. జీతాల లెక్కలు, రిజిస్టర్లు, ఇన్‌స్పెక్షన్లు, నోటీసులకి జవాబులు. ఈ కేసులోనూ ఫీజు ఇచ్చింది కంపెనీయే. చదివేటప్పుడు ఆ సంగతి గుర్తుంచుకోండి. కంపెనీ పేరు, మనుషుల పేర్లు రాయడం లేదు.

లెటర్ అంటే నోట్‌బుక్కులోంచి చింపిన ఒక కాగితం. తెలుగులో రెండే వాక్యాలు: ఫిబ్రవరి నుంచి మే దాకా చేసిన ఓటీకి డబుల్ ఇవ్వలేదు, లెక్క నా దగ్గర ఉంది. రాసినాయన శ్రీకాకుళం వైపు మనిషి. యాభై దాటాయి, అక్కడే ఎనిమిదేళ్లుగా ఆపరేటర్. నేను కనబడగానే చొక్కా జేబులోంచి ఎరువుల దుకాణం వాళ్లు పంచే చిన్న డైరీ తీశాడు. "రోజూ రాసుకున్నానండి బాబు గారూ. చూసుకోండి" అన్నాడు. పెన్సిల్ రాత. ఒక రోజు ఇలా ఉంది: "7-45 లోపల. 8-00 బయట. అన్నం అర్ధగంట. టీ మిషను కాడే." ఇంకో రోజు: "కరెంటు పోయింది. 4-15కి పంపేశారు."

ఆ "టీ మిషను కాడే" అనే మూడు మాటలు తర్వాత కంపెనీకి చాలా ఖర్చు పెట్టించాయి.

మామూలు నెలల్లో ఈ ఫ్యాక్టరీ మూడు షిఫ్టుల్లో నడుస్తుంది, ఒక్కోటి ఎనిమిది గంటలు. ఎండాకాలం వచ్చేసరికి మూతలకి గిరాకీ పెరుగుతుంది, మనుషులు దొరకరు. అందుకని ఫిబ్రవరి నుంచి మే దాకా మూడు షిఫ్టులు తీసేసి రెండు పెట్టారు. పొద్దున 8 నుంచి రాత్రి 8, రాత్రి 8 నుంచి పొద్దున 8. జీడిమెట్లలో ఇది కొత్తేమీ కాదు.

ఆ నాలుగు నెలల జీతం స్లిప్పుల్లో ఓటీ అనే మాటే లేదు. "ప్రొడక్షన్ ఇన్సెంటివ్" అని ఒక లైను ఉంది. అది ఎలా వేశారని అకౌంటెంట్‌ని అడిగితే ఎక్సెల్ తెరిచి చూపించారు. బేసిక్, వీడీఏ (ధరలని బట్టి మారే కరువు భత్యం) కలిపి 12,480. దాన్ని 30తో భాగిస్తే 416. దాన్ని 8తో భాగిస్తే 52. గంటకి 52 రూపాయలు. "సార్, మేము పదేండ్ల సంది ఇట్లనే ఇస్తున్నం. ఎవరూ అడగలె" అన్నారు.

డబుల్ ఇవ్వలేదంటే కార్మికుడికి సగం పోయిందని అందరం అనుకుంటాం. ఇక్కడ మూడింట రెండు వంతులకు పైగానే పోయింది. రెట్టింపు చేయకపోవడం ఒక తప్పు మాత్రమే. మిగతావి దాని వెనక ఉన్నాయి.

మొదటిది బేసిక్. అప్పుడు అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టంలో సెక్షన్ 59 "ఆర్డినరీ రేట్ ఆఫ్ వేజెస్" మీద రెట్టింపు ఇవ్వమంటుంది. అంటే బేసిక్ ఒక్కటే కాదు, కార్మికుడికి ఆ సమయంలో హక్కుగా వచ్చే అలవెన్సులన్నీ కలిపి. బోనస్, ఓటీ డబ్బు మాత్రం కలపరు. ఈ ఆపరేటర్‌కి హెచ్‌ఆర్‌ఏ (ఇంటద్దె భత్యం) 2,500, కన్వేయన్స్ 1,000, వాషింగ్ అలవెన్స్ 400 వస్తాయి. మొత్తం 16,380. వాషింగ్ అలవెన్స్ జీతం కాదని అకౌంటెంట్ కాసేపు వాదించారు. బట్టలు ఉతికినా ఉతక్కపోయినా నెలనెలా ఇచ్చేది కదా అన్నాను. ఉతికిన బిల్లు తెస్తే ఇచ్చే డబ్బయితే వేరే మాట. అటెండెన్స్ బోనస్ అని నెలకి ఇంకో 500 ఉంది, దాన్ని పక్కన పెట్టాను. అందులో ఎదుటి పక్షానికీ వాదన ఉంది, కానీ చట్టం బోనస్‌ని పేరు పెట్టి మినహాయించింది కాబట్టి నాకు అదే సబబనిపించింది.

రెండోది 30. నెలకి 30 రోజులన్నది క్యాలెండర్ లెక్క. వారానికో సెలవు పోతే పని రోజులు 26. మన కనీస వేతనాల జీవోల్లోనూ నెల జీతం నుంచి రోజు కూలీ తీయడానికి 26తోనే భాగించమంటారు. 16,380ని 26తో భాగిస్తే 630. దాన్ని 8తో భాగిస్తే 78.75. రెట్టింపు చేస్తే 157.50.

52 ఎక్కడ, 157.50 ఎక్కడ? లెక్క చూపించగానే ఎండీ గారు కుర్చీలో వెనక్కి వాలారు. "కరోనా అప్పుడు గవర్నమెంటే డబుల్ అక్కర్లేదన్నది కదా?" అన్నారు. ఆయన స్నేహితుడెవరో చెప్పారట. ఆయన విన్నది గుజరాత్ సంగతి. 2020 ఏప్రిల్‌లో అక్కడి ప్రభుత్వం పని గంటల సెక్షన్ల నుంచి ఫ్యాక్టరీలకి మినహాయింపు ఇచ్చి, అదనపు గంటలకి మామూలు రేటు చాలంది. అదే ఏడాది అక్టోబర్ 1న సుప్రీం కోర్టు ఆ నోటిఫికేషన్‌ని కొట్టేసింది. పరిశ్రమల సంఘాల వాట్సాప్ గ్రూపుల్లో మొదటి వార్త తిరిగినంతగా రెండోది తిరగలేదు.

గంట అంటే ఏది?

రేటు తేలింది కదా, పని అయిపోయిందనుకున్నారు. అసలు పని అక్కడే మొదలైంది.

షిఫ్టు 12 గంటల్లో అన్నానికి అర్ధగంట, రెండు టీలకి పావుగంట చొప్పున, మొత్తం గంట కంపెనీ తీసేస్తోంది. మిగిలిన 11లో 8 డ్యూటీ, 3 ఓటీ. ఇది నిజమా కాదా అన్నది కాగితాల్లో తేలదు. సాయంత్రం నాలుగింటికి షాప్‌ఫ్లోర్ మీదకి వెళ్లి నిలబడ్డాను. ఒక కుర్రాడు స్టీల్ కెటిల్, కాగితం కప్పులు పట్టుకుని మిషన్ల మధ్య తిరుగుతున్నాడు. డైరీ మనిషి ఎడమ చేత్తో కప్పు అందుకున్నాడు. కుడి చేయి మాత్రం సేఫ్టీ డోర్ హ్యాండిల్ మీదే ఉంది. మౌల్డ్ (అచ్చు) తెరుచుకుంది, మూతలు రాలాయి, ఒక దాంట్లో అంచు సరిగా లేదని తీసి పక్కన పడేసి మళ్లీ టీ తాగాడు. అన్నం వేళ మాత్రం రిలీవర్ వచ్చి మిషన్ దగ్గర నిలబడితే, ఈయన క్యాంటీన్‌కి వెళ్లాడు.

అందుకని అన్నం అర్ధగంట తీసేశాను, టీ సమయం తీయలేదు. మిషన్ వదిలి వెళ్లే స్వేచ్ఛ లేని టైముని విశ్రాంతి అనలేం.

ఇక 7:45. షిఫ్టు ఎనిమిదికే మొదలవుతుంది కానీ ఏడుంముప్పావుకి లోపల ఉండాలని గేటు దగ్గర బోర్డు పెట్టారు. ఆ పావుగంటలో కౌంటర్ రీడింగ్ రాసుకోవాలి, బ్యారెల్ టెంపరేచర్ చూసుకోవాలి, దిగిపోయే ఆపరేటర్ చెప్పేది వినాలి. పంచింగ్ మిషన్ 7:45 అనే చూపిస్తోంది, సాఫ్ట్‌వేర్ దాన్ని 8:00 చేసేస్తోంది. ముందొచ్చిన వాళ్ల టైము వాళ్లదే అని అకౌంటెంట్ వాదన. బోర్డు పెట్టి రమ్మన్నారు కదా, మరి ఎవరి టైము? ఆ పావుగంట కూడా కలిపాను. ఒక షిఫ్టుకి 11 గంటల 45 నిమిషాలు.

ఇప్పుడు సెక్షన్ 59లో చాలామంది తడబడే చోటుకి వద్దాం. రోజుకి 9 గంటలు దాటినా, వారానికి 48 గంటలు దాటినా రెట్టింపు రావాలి. రెండు గీతలు, ఏది ఎక్కువైతే అది. రెండూ కూడితే ఒకే గంటకి రెండుసార్లు ఇచ్చినట్టు. ఒక్కటే చూస్తే ఎవరో ఒకరు నష్టపోతారు.

ఆరు రోజులూ వచ్చిన వారం తీసుకోండి. 11.75ని ఆరుతో గుణిస్తే 70.5 గంటలు. రోజువారీగా చూస్తే 9 దాటినవి 2.75 చొప్పున 16.5 గంటలు. వారంగా చూస్తే 48 దాటినవి 22.5. కాబట్టి ఓటీ 22.5 గంటలు, 3,543.75 రూపాయలు. కంపెనీ ఇచ్చింది 18 గంటలకి 936.

నాగా పెట్టిన వారంలో కథ తిరగబడుతుంది. డైరీలో మార్చి నెల వారం ఒకటి: సోమ, మంగళ, బుధ 11.75 చొప్పున. గురువారం బావమరిది పెళ్లి, రాలేదు. శుక్రవారం కరెంటు పోయి సాయంత్రం 4:15కి పంపేశారు, 8 గంటలు. శనివారం మళ్లీ 11.75. మొత్తం 55. వారం గీత ప్రకారం ఓటీ 7 గంటలే, రోజు గీత ప్రకారం 11. ఎక్కువైనది 11. మిగతా 44 గంటలకి మామూలు రేటు. అందులో ఒక చిక్కు ఉంది. అతని డ్యూటీ రోజుకి 8 గంటలు, అంటే ఐదు రోజులకి 40. ఆ నాలుగు రోజుల్లో తొమ్మిదో గంటకి చట్టం రెట్టింపు ఇవ్వమనదు, అలాగని అది ఉచితంగా చేసే గంట కాదు. దానికి 78.75 చొప్పున ఇవ్వాలి. లెక్క చూస్తే: 44 గంటలకి 3,465, ఓటీ 11 గంటలకి 1,732.50. మొత్తం 5,197.50.

కంపెనీ ఏం చేసింది? రాని గురువారానికి ఓటీ గంటల్లోంచి ఎనిమిది తీసి "సర్దుబాటు" చేసింది. ఆరు రోజుల జీతం 3,780 వేసి, మిగిలిన 4 గంటలకి 52 చొప్పున 208 ఇచ్చింది. మొత్తం 3,988. తేడా 1,209.50. సెలవుకి జీతం కోయలేదు కదా, అది మేలే కదా అన్నారు. 157.50 విలువ చేసే గంటని 78.75 విలువ చేసే గంటతో మార్చుకుంటే మేలు ఎవరికో చెప్పక్కర్లేదు. ఈ సర్దుబాటు మన చిన్న ఫ్యాక్టరీల్లో ఎంత పాతుకుపోయిందంటే, కార్మికులే వచ్చి "నా ఓటీలో కట్ చేసుకోండి సార్" అంటుంటారు.

రాత్రి షిఫ్టులో తప్పు సాఫ్ట్‌వేర్‌ది. అర్ధరాత్రి 12 కొట్టగానే అది షిఫ్టుని రెండు ముక్కలు చేసి రెండు రోజుల్లో వేసింది. ఏ ముక్కా 9 గంటలు దాటదు. సెక్షన్ 57 ఈ విషయం తేల్చి చెప్పింది, షిఫ్టు అర్ధరాత్రి దాటితే ఆ తర్వాతి గంటలు కూడా ముందు రోజులోకే వస్తాయి. ఇంకోటి, చట్టంలో వారం శనివారం అర్ధరాత్రితో మొదలవుతుంది. వీళ్ల సాఫ్ట్‌వేర్‌లో సోమవారంతో. చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ, నాలుగు నెలల డేటాని మళ్లీ వారాల వారీగా పేర్చడానికి నాకూ, మా ఆఫీసు కుర్రాడికీ మూడు రోజులు పట్టింది.

ఓటీ ఎవరికి వస్తుంది?

కంపెనీ ఇచ్చిన జాబితాలో 46 మంది ఉన్నారు, పర్మనెంట్ ఆపరేటర్లు, హెల్పర్లు. నేను పని ముగించేసరికి అది 97 అయింది. ఎండీ గారికి ఎక్కువ కోపం వచ్చింది రేటు విన్నప్పుడు కాదు, ఈ సంఖ్య చూసినప్పుడు.

ప్యాకింగ్, లోడింగ్‌లో కాంట్రాక్టర్ మనుషులు 34 మంది. "వాళ్లు మా రోల్స్‌లో లేరు" అన్నారు. ఫ్యాక్టరీల చట్టం "వర్కర్" అనే మాటకిచ్చిన అర్థంలోనే ఉంది, నేరుగా పెట్టుకున్నా కాంట్రాక్టర్ ద్వారా వచ్చినా వర్కరే అని. కాంట్రాక్టర్ ఇవ్వకపోతే అసలు యజమాని ఇచ్చి, తర్వాత కాంట్రాక్టర్ బిల్లులోంచి పట్టుకోవాలని కాంట్రాక్ట్ లేబర్ చట్టం చెబుతుంది.

ప్యాకింగ్ ఆడవాళ్లది పీస్ రేటు, పెట్టెకి ఇంత అని. పొద్దున 8 నుంచి సాయంత్రం 6:30 దాకా. అన్నం అర్ధగంట పోతే పది గంటలు, వారానికి 60. కాంట్రాక్టర్ నా దగ్గరికొచ్చి "సార్, పీస్ రేటుకి ఓటీ ఏంది? ఎక్కువ చేస్తే ఎక్కువే వస్తది కదా" అన్నాడు. ఈ మాట వినని ఏడాది లేదు నాకు. వాళ్ల కోసమే సెక్షన్ 59లో ఒక ఉపవిభాగం ఉంది. ఓటీ చేసిన నెలకి ముందు నెలలో, అదే పని మీద, నిజంగా పనిచేసిన రోజుల్లో సగటున రోజుకి ఎంత సంపాదించారో చూసి దాన్నే రేటుగా తీసుకోవాలి. ఒకామె జనవరిలో 26 రోజులకి 12,844 సంపాదించింది. రోజుకి 494, గంటకి 61.75, రెట్టింపు 123.50. ఫిబ్రవరి ఓటీకి ఇదీ రేటు. ఆ అదనపు గంటల్లో కట్టిన పెట్టెలకి ఇప్పటికే ఇచ్చిన డబ్బు తీసేసి మిగతాది బాకీగా చూపించాం. మార్చి ఓటీకి ఫిబ్రవరి సగటు తీయాలి, కానీ అందులో ఓటీ గంటల సంపాదన కలవకూడదు. కాంట్రాక్టర్ దగ్గర పెట్టెల లెక్క రోజుకొకటి ఉంది గాని గంటకొకటి లేదు. పదింట ఎనిమిది వంతులు మామూలు సంపాదన కిందా, రెండు వంతులు ఓటీ కిందా విడగొట్టాను. ఇంతకన్నా మంచి దారి నాకు కనబడలేదు.

ట్రైనీలు తొమ్మిది మంది. స్టైపెండ్ ఇస్తున్నాం, జీతం కాదు అన్నారు. అప్రెంటిస్ చట్టం కింద రిజిస్టరైన ఒప్పందం ఉందా అంటే లేదు. మిషన్ దగ్గర నిలబెట్టి ట్రైనీ అంటే చట్టం ఒప్పుకోదు, డబ్బు తీసుకోకుండా పనిచేసినా వర్కరే అంటుంది. నిజంగా అప్రెంటిస్‌లయి ఉంటే పరిస్థితి ఇంకా ఇబ్బంది, అప్రెంటిస్‌షిప్ అడ్వైజర్ అనుమతి లేకుండా వాళ్లచేత ఓటీ చేయించనేకూడదు.

సూపర్‌వైజర్ల దగ్గర కాస్త ఆగాలి. వాళ్లు ఆరుగురు. మేనేజ్‌మెంట్ కేడర్ కాబట్టి ఓటీ లేదని వాళ్లూ నమ్మారు. సెక్షన్ 64 ప్రకారం సూపర్‌విజన్, మేనేజ్‌మెంట్, కాన్ఫిడెన్షియల్ పదవుల్లో ఉన్నవాళ్లకి పని గంటల అధ్యాయం వర్తించదు. అక్కడిదాకా అందరికీ తెలుసు. 1976 సవరణలో దానికి చేర్చిన షరతు (ప్రొవైజో) మాత్రం చాలామంది చదవరు. అలాంటి వాళ్ల జీతం పేమెంట్ ఆఫ్ వేజెస్ చట్టం పరిమితి దాటకపోతే వాళ్లకీ సెక్షన్ 59 ఓటీ వస్తుంది. ఆ పరిమితి 2017 ఆగస్టు నుంచి నెలకి 24,000గా ఉండేది. ఆరుగురి జీతాలూ 21,500 నుంచి 23,800 మధ్యలో ఉన్నాయి, అందరికీ ఓటీ వచ్చింది. 23,800 ఉన్నాయనకి మాత్రం మే నెలలో 800 పెరిగింది, 24,600 అయింది. ఆయన చేసేది నిజంగా సూపర్‌విజనే. డ్యూటీలు వేయడం, మనుషుల్ని మిషన్ల మీదకి మార్చడం. కాబట్టి ఏప్రిల్ దాకా ఓటీ ఉంది, మే నుంచి లేదు. 800 పెంచి ఓటీ పోగొట్టారని ఆయన నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు గాని చెప్పడానికి నా దగ్గర వేరే సెక్షన్ ఏదీ లేదు.

దీనికి ఎదురుగా మౌల్డ్ సెట్టర్. విజిటింగ్ కార్డు మీద "అసిస్టెంట్ మేనేజర్ - మౌల్డ్స్", జీతం 31,000. జీతం 24,000 దాటింది, పేరులో మేనేజర్ ఉంది, ఇక ఓటీ ఏంటన్నారు. ఆయన చేతులు చూశాను, గోళ్లలో గ్రీజు. క్రేన్‌తో మౌల్డ్ ఎత్తడం, బోల్టులు బిగించడం, వాటర్ లైన్లు కలపడం ఆయన పని. కింద ఒక హెల్పర్ ఉన్నాడు, అతని సెలవు చీటీ మీద సంతకం పెట్టే అధికారం కూడా ఈయనకి లేదు. పదవి పేరు కాదు, చేసే ముఖ్యమైన పనే కొలబద్ద అని సుప్రీం కోర్టు 1994లో ఎస్.కె. మైనీ కేసులో చెప్పింది. అది వేరే చట్టం కింద వచ్చిన కేసు, పైగా అందులో ఉద్యోగి ఓడిపోయాడు, కానీ కొలబద్ద మాత్రం అందరికీ పనికొస్తుంది. సెక్షన్ 59లో మామూలు వర్కర్‌కి జీతం పరిమితి అంటూ లేదు. సెట్టర్‌కి 31,000 మీదే రెట్టింపు లెక్క వేశాం.

ఈ పరిమితుల గందరగోళం ప్రతి ఆఫీసులో ఉంది. అప్పట్లో ఈఎస్‌ఐకి (కార్మికుల ఆరోగ్య బీమా) 21,000, బోనస్ చట్టానికీ 21,000, పేమెంట్ ఆఫ్ వేజెస్‌కి 24,000, పారిశ్రామిక వివాదాల చట్టంలో సూపర్‌వైజర్‌కి 10,000. ఎవరో ఒకరు వీటిలో ఒకదాన్ని పట్టుకుని "ఇంత దాటితే ఓటీ రాదు" అంటారు, అదే ఆ కంపెనీలో చట్టం అయిపోతుంది.

చివరి మనిషి టైమ్‌కీపర్. గేటు పక్క గదిలో కూర్చుని అందరి ఓటీ రాసేది ఆయనే. ఆయన సొంత ఓటీ మాత్రం ఏ కాగితం మీదా లేదు. "నేను ఆఫీస్ స్టాఫ్ కదా సార్" అన్నాడు. రైల్వే ఝాన్సీ వర్క్‌షాపులో టైమ్‌కీపర్లు వర్కర్లేనని సుప్రీం కోర్టు ఎప్పుడో తేల్చింది, 1970 రిపోర్టుల్లో ఉంది. ఆయన్నీ చేర్చాం.

ప్రొడక్షన్ మేనేజర్‌కి రాదు. మనుషుల్ని తీసుకునేదీ తీసేసేదీ ఆయనే, జీతం 48,000. నిజం చెప్పాలంటే ఆ నాలుగు నెలల్లో అందరికన్నా ఎక్కువ గంటలు ఫ్యాక్టరీలో ఉన్నది ఆయనే. సెక్యూరిటీ ఏజెన్సీ గార్డుల లెక్క వేరుగా ఏజెన్సీతో తేల్చుకున్నారు, అది ఇక్కడ రాయను.

డబ్బు చేతులు మారిన సంగతి

మొత్తం బాకీ పంతొమ్మిది లక్షల పైచిలుకు వచ్చింది. డైరీ మనిషిది అందులో 36 వేల చిల్లర. "ఆయనొక్కడికి ఇచ్చేద్దాం, లెటర్ వెనక్కి తీసుకుంటాడు" అన్నారు ఎండీ గారు. ఒకరికి ఇచ్చిన రోజే మిగతా 96 మందికి ఉత్తరం రాసిచ్చినట్టని చెప్పాను. తర్వాత, అందరికీ సగం ఇచ్చి ఫుల్ అండ్ ఫైనల్ అని సంతకాలు తీసుకుందామన్నారు. పేమెంట్ ఆఫ్ వేజెస్ చట్టం సెక్షన్ 23 చూపించాను. ఆ చట్టం ఇచ్చిన హక్కు వదులుకుంటూ కార్మికుడు చేసుకున్న ఒప్పందం చెల్లదు. ఆ చట్టం కింద క్లెయిమ్ వేయడానికి పన్నెండు నెలల గడువు ఉండేది, నాలుగు నెలలూ అందులోకే వచ్చాయి. తక్కువిచ్చారని తేలితే బాకీ కాక నష్టపరిహారం కూడా వేయొచ్చు, కోసిన మొత్తానికి పదింతల దాకా.

ఇంకో మాట కూడా చెప్పాల్సి వచ్చింది, అది డబ్బుతో తీరేది కాదు. మినహాయింపులు తెచ్చుకున్నా అప్పటి చట్టం ఒప్పుకునేది ఓటీతో కలిపి వారానికి 60 గంటలు, మూడు నెలలకి ఓటీ 75 గంటలు. వీళ్లు నడిపింది వారానికి 70 గంటలు. డబుల్ ఇచ్చినంత మాత్రాన ఆ తప్పు పోదు. సెక్షన్ 92 కింద ఆక్యుపయర్ (ఫ్యాక్టరీ మీద అంతిమ అజమాయిషీ ఉన్న మనిషి), మేనేజర్ ఇద్దరి మీదా కేసు పెట్టొచ్చు. గంటలు చట్టం దాటాయి కాబట్టి ఆ గంటలకి డబ్బు ఇవ్వక్కర్లేదని వాదించే వాళ్లనీ చూశాను. అది మరీ అన్యాయం, సొంత తప్పుని చూపించి లాభపడటం. వచ్చే ఎండాకాలానికి మూడు షిఫ్టులు ఉంచి, మనుషుల్ని జనవరిలోనే తీసుకోమన్నాను. 2024లో అలాగే చేశారు.

బాకీ మూడు వాయిదాల్లో బ్యాంకులో పడింది. ఇన్సెంటివ్ పేరుతో ఇచ్చింది మినహాయించి, ప్రతి ఒక్కరికీ వారం వారం లెక్కతో కాగితం ఇచ్చాం. తెలుగు రాని వాళ్లకి హిందీలో, ఒడియాలో. అప్పటి నియమం ప్రకారం ఓటీ మీద పీఎఫ్ ఉండదు గాని ఈఎస్‌ఐ ఉంటుంది, ఈఎస్‌ఐలో ఉన్నవాళ్లకి 0.75 శాతం కోత పడింది, కంపెనీ 3.25 కట్టింది. ఈఎస్‌ఐ 21,000 పరిమితి చూసేటప్పుడు ఓటీ కలిపేవారు కాదు, చందా కట్టేటప్పుడు కలిపేవారు. అకౌంటెంట్ ఈ రెండు మాటలూ గోడ మీద రాసి పెట్టుకున్నారు.

ఇదే కేసు ఇవాళ వచ్చి ఉంటే? 2025 నవంబర్ 21 నుంచి ఈ పాత చట్టాల్లో చాలావాటి స్థానంలో లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. రెట్టింపు అలాగే ఉంది, ఓటీకి కార్మికుడి సమ్మతి కావాలన్నారు, క్లెయిమ్‌కి గడువు మూడేళ్లయింది. కానీ "వేజెస్" అర్థం మారింది. హెచ్‌ఆర్‌ఏ, కన్వేయన్స్ లాంటివి బయటికి పోయాయి, అవి మొత్తంలో సగం దాటితేనే దాటిన భాగం వెనక్కి వచ్చి కలుస్తుంది. మన ఆపరేటర్‌కి బయటికి పోయేవి 3,900, మొత్తంలో సగం 8,190. దాటలేదు. కాబట్టి 12,480 మీదే లెక్క. గంటకి 60, రెట్టింపు 120. నేను కోడ్‌ని చదివినంతలో, 157.50 నుంచి 120కి తగ్గుతుంది. కోడ్‌లతో ఓటీ పెరుగుతుందని చెప్పేవాళ్లు బేసిక్ బాగా తక్కువగా ఉన్న జీతాలని చూసి చెబుతున్నారు. కంపెనీ ఇప్పటికీ పాత రేటే ఇస్తోంది. ఒప్పందంగా రాసుకోమని నేనే చెప్పాను, ఒకసారి ఇచ్చింది తగ్గిస్తే ఆ షాప్‌ఫ్లోర్ మీద మళ్లీ డైరీలు బయటికొస్తాయి.

మూడో వాయిదా పడిన వారంలో డైరీ మనిషి ఆఫీసుకి వచ్చాడు. మేమిచ్చిన కాగితం, తన డైరీ పక్కపక్కన పెట్టి వేలితో వారం వారం దిగుతూ వచ్చాడు. ఏప్రిల్‌లో ఒక రోజు దగ్గర ఆగాడు. "ఇక్కడ పావుగంట తక్కువుందండి." పంచింగ్ రిపోర్టు తీయించాం. ఆ రోజు పొద్దున మిషన్ పనిచేయక టైమ్‌కీపర్ చేత్తో రాశాడు, అలవాటు కొద్దీ 8:00 అని. ఆ రోజు లోపలికొచ్చిన మిగతా వాళ్లందరికీ కూడా 8:00 అనే ఉంది. పావుగంటకి 39 రూపాయల 38 పైసలు. "అందరికీ మళ్లీ వేయాల్నా సార్?" అన్నారు అకౌంటెంట్. వేయమన్నాను. తర్వాతి నెల స్లిప్పులో అది వేరే లైనుగా వచ్చింది.